ప్రాణరక్షణము – జీవికారక్షణము
(కృష్ణానగరమున మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

 ఇట్టి సభలయందు కులప్రాశస్త్యమును గూర్చి ప్రసంగించుట వాడుక. అది వినుటకు ఇంపైనదే. కాని నేడు మేము ఒక లెక్కను మీ ముందుంచ దలచితిమి. ప్రజల ఆరోగ్యమును కాపాడుటకై కొందరి వృత్తులను మూసివేయవలసి వచ్చినప్పుడు, లాభమెవ్వరికి, నష్టమెవ్వరికి, ఆ నష్టమును భరింపవలసిన వారెవ్వరు? ఇదియే ఆ లెక్క. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మహామారి వ్యాపించినప్పుడు ఈ ప్రశ్న మన గడపకే వచ్చి నిలిచెను. ఆ అత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచారోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించెను. రోగము అణగినది గాని ప్రశ్న తీరలేదు. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వబూనిన వానిని చూచి లోకము నవ్వును. ఇల్లు చల్లగా నున్న ఈ దినములలోనే ఆలోచించుకొనుట వివేకవంతుల లక్షణము.

మొదట మన వృత్తిస్వభావమును స్మరింతము. మన పూర్వులు క్షౌరముతోపాటు వైద్యమును, శస్త్రచికిత్సను, సన్నాయి వాద్యమును, మన తల్లులు మంత్రసానితనమును చేపట్టి గ్రామమునకు సేవచేసిరి. ధన్వంతరిని మన కులమువారు కొలుచుట అందువలననే. కేశములను, గడ్డమును, గోళ్లను కత్తిరించుకొనుట శుచిత్వమునకును ఆయుర్వృద్ధికిని హేతువని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడు గోళ్లు, వెండ్రుకలు కురుచగా నుంచుకొని శుభ్రవస్త్రము ధరింపవలయునని సుశ్రుతుడు విధించినాడు. కావున మనది ఆరోగ్యమును పెంచు వృత్తి. అట్టి వృత్తియే ఆరోగ్యము పేర అన్నిటికంటె ముందుగా మూతపడి, అన్నిటికంటె ఆలస్యముగా తెరువబడిన వానిలో నొకటి యయ్యెను. ఇందు వింత యేమియు లేదు. మన పని దూరమునుండి చేయునది కాదు. మనిషి ముఖమునకు మూరెడు దూరమున నిలిచి చేయునది. ఊపిరిద్వారా వ్యాపించు రోగమునకు అంతకంటె అనువైన స్థలము వేరొండు లేదు.

2020 మార్చి 2వ తేదీన తెలంగాణలో మొదటి రోగి గుర్తింపబడెను. మార్చి 22వ తేదీన జనతా కర్ఫ్యూ జరిగెను. ఆ దినముననే రాష్ట్రమున లాక్‌డౌను ప్రకటింపబడెను. మార్చి 25వ తేదీనుండి దేశమంతటను 21 దినముల నిర్బంధము విధింపబడి, పిమ్మట పలుమార్లు పొడిగింపబడెను. మన రాష్ట్రమున సెలూనులు తెరచుటకు అనుమతి మే 19వ తేదీనుండి లభించెను. లెక్కించిన 58 దినములు. ఈ 58 దినములు మన కత్తెరలు పెట్టెలయందే యుండెను.

ఈ కృష్ణానగరము సంగతి మీ రెఱుగనిది కాదు. తెల్లవారుజామున షూటింగు బండ్లకై వీథిలో నిలుచు లైటుపనివారు, చిన్నవేషములవారు, దుస్తులు కుట్టువారు, వేషధారణ చేయువారు, కేశాలంకరణ చేయు మన స్త్రీపురుషులు, వారిని నమ్ముకొన్న టిఫిను బండ్లు, అద్దెగదులు, చిన్న సెలూనులు, ఇదియే ఈ పేట. 2020 మార్చి నడుమ చిత్రీకరణములు ఆగిపోయినవి. జూన్ నెలలో గాని తిరిగి అనుమతి రాలేదు. ఒక త్రాడు తెగిన పూసలన్నియు రాలునట్లు, చిత్రీకరణ ఆగిన దినముననే ఈ పేటయందు అందరి బత్తెములును ఆగినవి. శ్రీ చిరంజీవిగారి ఆధ్వర్యవమున చిత్రపరిశ్రమవారు ఏర్పరచిన కరోనా క్రైసిస్ చారిటీ సినీకార్మికులకు నిత్యావసర సరకులు పంచెను. ఆ సాయము కొనియాడదగినది. అయినను సినీకార్మిక సంఘములలో పేరున్న వారికి అది చేరుట సులభము. ఆ కార్మికునకే క్షౌరము చేయు సందులోని మనవానికి ఏ పట్టికయందును పేరు లేదు.

మన సన్నాయి, డోలు విద్వాంసుల కష్టము వేరు. చైత్ర వైశాఖములలో వచ్చు ముహూర్తముల సంపాదనతో ఏడాదిలో సగము గడుపుకొనువారు వారు. ఆ సంవత్సరము ఆ ముహూర్తములే పోయినవి. పెండ్లికి 50 మందికి మించరాదని నియమము ఏర్పడగా, మేళమునకు చోటులేక పోయెను. దేవాలయములు జూన్ 8వ తేదీ వరకు భక్తులకు తెరువబడలేదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేము చెప్పము. రేషను కార్డు గలవారికి మనిషికి 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు నెలకు 1500 రూపాయలును ఏప్రిల్, మే నెలలలో ఈయబడినవి. ఇండ్ల అద్దెను మూడు నెలలు బలవంతముగా వసూలు చేయరాదని ఆజ్ఞ వెలువడెను. ఇప్పుడు లెక్కింపుడు. రెండు నెలల సొమ్ము 3000 రూపాయలు. దానిని 58 దినములకు పంచిన, కుటుంబమంతటికి దినమునకు 52 రూపాయలైనను రావు. అద్దె వాయిదా పడెనే గాని రద్దు కాలేదు. ఇక, ఏండ్ల తరబడి ఇచ్చటనే కాపురముండియు కార్డు గోదావరి తీరమున స్వగ్రామమందే విడిచి వచ్చినవారికి ఆ పాటి యాసరయు లేదు. వారు ముందు నుయ్యి వెనుక గొయ్యి యన్నట్లయిరి.

మన పొరుగుననున్న అమీర్‌పేట వృత్తాంతమును జ్ఞాపకము చేసికొనుడు. శిక్షణకై వచ్చి వసతిగృహములలో నున్న యువజనులు వేలకొలది గలరు. వసతిగృహములు మూసివేసెదమనగా, 2020 మార్చి 25వ తేదీన వారు ఈ ప్రాంతపు పోలీసు ఠాణాల ముందు ఊరు పోవుటకు అనుమతిపత్రములకై గుమిగూడిరి. పత్రములు పొంది పోయినవారు గరికపాడు వద్ద రాష్ట్రసరిహద్దున నిలిపివేయబడిరి. గుంపు కూడరాదన్న ఆజ్ఞయే గుంపును కూర్చెను. కారణమేమి? ‘ఇంట నుండుడు’ అన్న ఆజ్ఞకు ముందుగా ‘ఇల్లు గలదా?’ యని యడుగుట జరుగలేదు. ఒకే గదియందు ఐదుగురు శయనించు ఈ సందులలో ఇంట నుండుట యనగా ఎడముగా నుండుట కాదు. 1908 మూసీ వరదల పిదప, 1911 నాటి ప్లేగు పిదప, 1912లో హైదరాబాదునందు నగరాభివృద్ధి సంస్థ యేర్పడి, ఇరుకు సందులను విడదీసి, గాలి వెలుతురు గల యిండ్లు కట్టించెను. రోగమునకు గోడయే మందని నాటివారు గ్రహించిరి.

ఇంత చెప్పుట విని, “అయినచో లాక్‌డౌనే తప్పని మీ యభిప్రాయమా?” యని కొందరడుగవచ్చును. కాదని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. “రోగము లేదు, అంతయు భ్రమ, మన పొట్ట కొట్టుటకే చేసినారు” అని వాదించినవారు మనలోనే యుండిరి. వారికి 2021 ఏప్రిల్, మే నెలలే ప్రత్యుత్తరము. ఆసుపత్రులలో మంచము దొరకక, ప్రాణవాయువు దొరకక కుటుంబములు పరుగులిడిన దినములవి. ఈ సభయందు కూర్చున్నవారిలో ఆ రెండు నెలలలో ఆప్తుని పోగొట్టుకొనని వారు కొలదిమంది. సంపాదించువాడు పోయిన యింటికి తిరిగి తెరచిన దుకాణముతో పనియేమి? ప్రాణము నిలిచిననే గదా జీవిక!

ప్రాణము, జీవిక అను రెంటిని త్రాసులో నెదురెదురుగా పెట్టి తూచినవారిలో ప్రాచీనుడు కౌటిల్యుడు. అర్థశాస్త్రము ఎనిమిదవ అధికరణమునందు ఈ చర్చ యున్నది. వ్యాధి, దుర్భిక్షము అను రెంటిలో ఏది యెక్కువ కీడు? పూర్వాచార్యులు వ్యాధియే యనిరి. ఏలయన, చచ్చినవారు, రోగులు, రోగులకు పరిచర్య చేయువారు, వీరందరివలనను పనులన్నియు ఆగిపోవును. దుర్భిక్షమునందు పనులు ఆగవు, పన్నులును వచ్చును. కౌటిల్యు డిది యొప్పుకొనలేదు. వ్యాధి ఒక ప్రదేశమునే పీడించును, దానికి ప్రతీకారము చేయవచ్చును. దుర్భిక్షమన్ననో దేశమంతటిని పీడించి ప్రాణులకు బ్రతుకుతెరువు లేకుండ చేయును. కావున దుర్భిక్షమే యెక్కువ కీడని యతని నిర్ణయము.

సంస్కృతము చదివిన మాబోటి వారు ఇట్టి తీర్పును చూపి, “కౌటిల్యుడే చెప్పినాడు, మూసివేత కూడదు” అనుట తేలిక. కాని తీర్పునకంటె హేతువు ముఖ్యము. అతడు చెప్పిన హేతువులు రెండు. వ్యాధి ఏకదేశమునకు పరిమితమగుట యొకటి, ప్రతీకారము సాధ్యమగుట రెండవది. 2020 మార్చిలో ఈ రెండును లేవు. వ్యాధి భూగోళమంతటను వ్యాపించెను. టీకా లేదు, నిశ్చితమైన మందు లేదు. లక్షణములు కానరానివాడు సైతము రోగమును పంచుచుండెను. కావున ఆ హేతువులనుబట్టియే నాడు తలుపులు మూయుట న్యాయమయ్యెను. 2021 జనవరి 16వ తేదీన దేశమున టీకాలు మొదలయ్యెను. మన హైదరాబాదు నగరముననే భారత్ బయోటెక్ సంస్థ కోవాగ్జిన్ టీకాను తయారుచేసెను. ప్రతీకారము చేత చిక్కినకొలది త్రాసు మరల జీవికవైపు మొగ్గవలయును. 2021 మే 12వ తేదీనుండి తెలంగాణలో విధించిన లాక్‌డౌను ఉదయము 6 గంటలనుండి 10 వరకు సడలింపుతో నుండెను. పిదప ఆ గడువు క్రమముగా పెంపబడి, జూన్ 20వ తేదీన నిర్బంధము ఎత్తివేయబడెను. మొదటిసారి 58 దినములు పూర్తిగా మూసిన దానికిని, రెండవసారి దినమునకు నాలుగు గంటలు విడిచిన దానికిని గల భేదము సామాన్యము కాదు. ఆ నాలుగు గంటలలో పేదవాని కుండలోనికి బియ్యము వచ్చినది.

మఱియొక సూక్ష్మము గలదు. మూసివేత తానే యొక దుర్భిక్షమును సృష్టించును. ఇది వానలు లేక వచ్చిన కఱవు కాదు, ఆజ్ఞవలన వచ్చిన కఱవు. కఱవు వచ్చినప్పుడు రాజు విత్తనములను, అన్నమును ఇచ్చి ఆదుకొనవలయుననియు, అన్నము పెట్టి కోటలు, కట్టలు మొదలగు పనులు చేయింపవలయుననియు అర్థశాస్త్రము నాలుగవ అధికరణము విధించుచున్నది. దైవికమైన కఱవునకే ఇట్టి బాధ్యత యున్నచో, ఆజ్ఞవలన వచ్చిన కఱవునకు ఎంత యుండవలయును! అందరి మేలుకొఱకు కొందరి దుకాణము మూయబడినది. లాభము అందరిది. నష్టము మాత్రము కొందరిది. నెలజీతము గలవాడు ఇంట గూర్చుండి జీతము పొందెను. దినవెచ్చము గలవాడు ఇంట గూర్చుండి పస్తుండెను. కావున ఆరోగ్యమా, ఆర్థికమా యని యడుగుట అసంపూర్ణమైన ప్రశ్న. ఎవ్వని తలుపు అందరి కొఱకు మూయబడినదో, వాని పొయ్యి అందరి సొమ్ముతో వెలుగవలయును. మేము నేడు చెప్పదలచిన మాట యిదియొక్కటే.

ఈ ధర్మమును విడిచి కేవలము బలముతో రోగమును అణచ జూచిన ఫలమేమో చరిత్ర చెప్పుచున్నది. 1897లో పూనా నగరమున ప్లేగు వ్యాపించినప్పుడు సైనికులు ఇండ్లలో చొరబడి సోదాలు చేసిరి. జనులు రోగులను దాచిరి. క్రోధము పెరిగి ప్లేగు అధికారి ర్యాండు దొర తుపాకికి గురియయ్యెను. ఆ పూనాలోనే సావిత్రీబాయి ఫూలేగారు రోగులకు సేవచేయుచు తానును ప్లేగువాతబడి, ఆ సంవత్సరము మార్చి 10వ తేదీన కీర్తిశేషులైరి. ఒకచోట భయము, ఒకచోట సేవ. జనులు దేనిని నమ్మిరో వేరుగ చెప్పనక్కఱలేదు. ఆ 1897 నాటి అంటువ్యాధుల చట్టమే 2020లోను మనకు వర్తించెను. దానియందు అధికారము గలదు గాని మూతపడిన వానికి అన్నము పెట్టవలయునను విధి లేదు.

మూయుటకును, విచ్చలవిడిగా తెరచుటకును నడుమ మూడవ మార్గము గలదు. దానికి నిదర్శనము మన వృత్తినుండియే లభించినది. 2020 మే నెలలో అమెరికా దేశమున మిస్సోరి రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డు నగరములో నొక సెలూనునందు ఇరువురు కేశాలంకరణకారులు కోవిడ్ సోకియుండి 139 మందికి పనిచేసిరి. వారును, వచ్చినవారును ముఖమునకు మాస్కు ధరించిరి. తరువాత పరీక్షకు సమ్మతించిన 67 మందిలో ఒక్కరికైనను రోగము సోకినట్లు తేలలేదు. మిగిలినవారిలోను లక్షణములు కనబడినట్లు తెలియరాలేదు. ఒక్క యుదాహరణముతో సర్వము సిద్ధించునని మేము చెప్పము. కాని గుడ్డముక్క యొకటి ముక్కునకు కట్టుకొన్న మాత్రమున 58 దినముల ఆకలిలో కొంత తప్పింపవచ్చునని తెలిసికొనుట మనకు చాల విలువైన విషయము. ఇట్టి నియమము మన దుకాణములయందు ముందే పాదుకొని యున్నచో, రేపు అధికారులయెదుట నిలిచి, “మమ్ము మొదట తెరువనిండు” అని యడుగు హక్కు మనకు కలుగును.

ఇక పేరుల పట్టిక విషయము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 జూన్ 10వ తేదీన ‘జగనన్న చేదోడు’ అను పథకముక్రింద రజకులకు, నాయీబ్రాహ్మణులకు, దర్జీలకు తలకొక 10,000 రూపాయలు ఇచ్చెను. మొత్తము 2,47,040 మందిలో మనవారు 38,767 మంది. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించెను. మన సెలూనులకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తును 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి వర్తింపజేసెను. ఇవి యన్నియు మంచి పనులే. వీనినుండి నేర్వవలసిన పాఠమొకటి గలదు. ఏ వర్గమువారి పేర్లు వ్రాతలో నున్నవో వారికి సాయము చేరును. పాఠశాల గురువుల పేర్లు పాఠశాల దస్త్రములలో నున్నవి. దుకాణము యజమాని పేరు విద్యుత్తు బిల్లుపై నున్నది. ఆ దుకాణములో పాలుపద్ధతిపై పనిచేయు కుఱ్ఱవాని పేరు ఎచ్చట నున్నది? ముహూర్తమునకు డోలు వాయించు వృద్ధుని పేరు ఎచ్చట నున్నది? వ్రాతలో లేనివాడు లెక్కలో లేడు.

కావున ఈ మహాసభవారి యెదుట మూడు సూచనలు ఉంచుచున్నాము.

మొదటిది: మన సంఘము ఒక పేరుల పట్టికను సిద్ధపరుపవలయును. యజమానులు, పనివారు, చిత్రరంగమున కేశాలంకరణ చేయువారు, వాద్యకారులు, ఒంటరి వృద్ధులు, వితంతువులు, అందరి పేర్లును, వారి కార్డు ఏ యూరిలో నున్నదో ఆ వివరమును వ్రాసి, ఏటేట ఈ సభనాటికి సరిచూడవలయును.

రెండవది: నూతన భవనమునకై పోగగుచున్న ధనములో నాలుగవ పాలు ఆపన్నిధిగా వేరుచేయవలయును. సర్కారు ఆజ్ఞవలన మన వృత్తి పది దినములకు మించి మూతపడినచో, వేరుగ సభ కూడ నక్కఱలేకుండ, పట్టికలోని ప్రతి పేద కుటుంబమునకు ముందు బియ్యము, పిదప అద్దెకు చేబదులు ఆ నిధినుండి చేరవలయును. చేబదులునకు వడ్డీ యుండరాదు. దుకాణము తెరచిన పిదప కొంచెము కొంచెముగా తీర్చుకొందురు.

మూడవది: శుచినియమము. మనిషికొక శుభ్రమైన తువ్వాలు, మనిషికొక క్రొత్త బ్లేడు, గాలి యాడు కిటికీ, రోగకాలమున ఇరువురికిని మాస్కు. వీనికంటె ముఖ్యమైనది, జ్వరము వచ్చిన పనివాడు పనికి రాకుండుట. వాడు రాకుండుటకు వాని కూలిలో సగమైనను ఆ దినములకు ఆపన్నిధి ఈయవలయును. జ్వరము దాచి కత్తెర పట్టువాడు చెడ్డవాడు కాడు, ఆకలిగొన్నవాడు. వానికి అన్నము పెట్టినచో అందరి ఆరోగ్యమును కాపాడినవారమగుదుము. ప్రాణరక్షణము, జీవికారక్షణము అను రెండును త్రాసు యొక్క రెండు పళ్లెములు కావు, ఒకే పళ్లెరములోని అన్నమును పప్పును అని ఇచ్చట తేటపడును.

దీనికి రెండు ఆక్షేపణలు మాకు వినవచ్చినవి. “భవనము కట్టిన నిలుచును, నిధి తినిన తరుగును” అని యొకటి. నిజమే. కాని ఆకలితో ఊరు విడిచిపోయిన కులమువారు లేని భవనము ఎవరి కొఱకు? మూడు పాళ్ల ధనముతో భవనము ఒక సంవత్సరము ఆలస్యముగా లేచును. అది భరింపదగిన ఆలస్యము. అన్నము ఆలస్యమైన భరింపరాదు. “ఇది ప్రభుత్వము చేయవలసిన పని గదా” యని రెండవది. అదియు నిజమే. ప్రభుత్వమును అడుగుట మానవలదు. మూసివేత ఆజ్ఞతోడనే మూతపడిన వృత్తులవారికి భత్యము ప్రకటింపవలయునని ఈ సభ తీర్మానించి పంపుట ఉచితము. కాని పై సాయము చేరునంతవరకు నడుమ దినములు కొన్ని యుండును. పసిబిడ్డ ఆ దినములు వేచియుండలేదు. ఆ నడుమ దినములకే సంఘము.

పోషకులైన ధనికులకు మాకొక మనవి. మీరు భవనముపై పేరు చెక్కించుకొనుటకు ఇచ్చు సొమ్ము పుణ్యమే. ఆపన్నిధికి ఇచ్చు సొమ్మునకు చెక్కుటకు రాయి లేదు. అయినను మూతపడిన తలుపు వెనుక వెలిగిన పొయ్యి మీ పేరు మఱవదు. కార్యవర్గమువారు ఈ మూడు సూచనలను ఈ సాయంకాలపు సర్వసభ్యసమావేశమున చర్చకు పెట్టుదురని నమ్ముచున్నాము. సవరింపవలసినచో సవరింపుడు, నాలుగవ పాలు అధికమైనచో ఐదవ పాలు చేయుడు. రేపటికి మాత్రము వాయిదా వేయకుడు.

 సర్వులును ఆరోగ్యవంతులై, స్వవృత్తులయందు వర్ధిల్లుదురు గాక!

స్వస్తి.